కరెంటు వచ్చాక మూడు నిమిషాలు

ఏప్రిల్ 3

చలిగది రాణికి,

నిండు నూరేళ్ళూ చల్లగా ఉండమని దీవిద్దామనుకున్నాను. ఇప్పటికే నువ్వు కావలసినదాని కంటే చల్లగా ఉన్నావని గుర్తొచ్చి ఆగాను. ఇంత ఎండల్లో చేపలతో పాటు వణుకుతూ కూర్చునే ఉద్యోగం ఎవరికి దొరుకుతుంది చెప్పు. నీ దీవిలో ఫోను పలకదు కాబట్టి బతికిపోయావు, లేకపోతే ఈ వారంలో నీ ప్రాణం తోడేసేదాన్ని. పడవ మీద పోయే ఉత్తరం కదా అని కాస్త పద్ధతిగా రాస్తున్నాను.

చల్లకొచ్చి ముంత దాచడం ఎందుకు, సంగతికొస్తాను. మీ అన్నయ్య ఏసీ కొన్నాడు. బిగించడానికి ముగ్గురు మనుషులు దాన్ని భుజాల మీద పెట్టుకుని నిలబడి ఉంటే, "నాన్న గదిలో పెట్టించమని చెప్పు" అని నాతో మీ అన్నయ్య అన్నాడు. "వాడి గదిలోనే పెట్టుకోమని చెప్పమ్మా" అని నాతో మామయ్యగారు అన్నారు. ఇద్దరి మధ్యా దూరం నాలుగడుగులు. చివరికి విసుగొచ్చి నడిమి గదిలో పెట్టించేశాను. చల్లగాలి కావలసినవాళ్ళు అక్కడికే వచ్చి కూర్చోవాలి. ఇప్పుడు ఇద్దరూ అక్కడే కూర్చుంటున్నారు, ఒకరు గోడకేసి, ఒకరు కిటికీకేసి తిరిగి.

నీకు తెలిసిన కథే, కానీ మళ్ళీ రాస్తే నా కడుపుబ్బరం తగ్గుతుంది. కొట్లో ఎవరో చేతి గడియారం తెస్తే మీ అన్నయ్య వాళ్ళతో, "మా నాన్నకి చేతులు వణుకుతున్నాయండీ, చిన్నవి ఆయనకివ్వకండి" అన్నాడు. వెనక నుంచి మామయ్యగారు విన్నారు. కళ్ళకు పెట్టుకునే భూతద్దం తీసి బల్ల మీద పెట్టి లోపలికి వచ్చేశారు. నలభై ఏళ్ళు కూర్చున్న కొట్లోకి మళ్ళీ అడుగు పెట్టలేదు. కొడుకుతో మాట్లాడి పదకొండు నెలలైంది. ఇంటి ముందు గది గడియారాల కొట్టు, వెనక గది వంటిల్లు, మధ్యలో నేను పోస్టాఫీసు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో నన్ను చూసి నేర్చుకోవాలి.

ఇప్పుడు అసలు భయం. ఎదురింటి పళ్ళ డాక్టరుగారి ఏసీ మొన్న కాలిపోయింది. కరెంటు పోవడం, రావడం, మళ్ళీ పోవడం వల్లేనట. మా వీధిలో కరెంటు వారానికి నాలుగైదుసార్లు పోతుంది. మన ఏసీ కూడా కాలిపోతే ఈ ఇద్దరూ ఎవరి గదిలోకి వాళ్ళు వెళ్ళిపోతారు. ఎడమొహం పెడమొహంగానైనా ఒక్క చోట కూర్చుంటున్నారు కదా, ఆ కాస్తా పోతుంది. చల్లటి యంత్రాల సంగతి నీకంటే తెలిసినవాళ్ళు మన వంశంలో లేరు. ఏం చెయ్యాలో రాయి.

డ్రైవింగు పాఠాల మధ్య స్టీరింగు వదిలి కలం పట్టిన
మీ వదిన

—

ఏప్రిల్ 9

వదినా,

నీ ఉత్తరం చలిగదిలో నిలబడి చదివాను. నవ్వితే నోట్లోంచి పొగ వచ్చింది. పక్కనున్న చేపల తూకం మేస్త్రి నేను చుట్ట కాలుస్తున్నానని పై ఆఫీసుకి చెప్పాడు.

భయపడకు. బయట పెట్టిన పెట్టెలో కంప్రెసర్ అని ఒక నల్లటి కుండ ఉంటుంది. అది గ్యాసుని ఒక పక్క నుంచి లాగి రెండో పక్కకి బలంగా తోస్తుంది. ఉన్నట్టుండి కరెంటు పోతే ఒత్తిడంతా ఒకే పక్క నిలిచిపోతుంది. వెంటనే కరెంటు వచ్చి మళ్ళీ తొయ్యమంటే పాపం కదల్లేక మూలుగుతుంది, వేడెక్కుతుంది, ఆఖరికి కాలుతుంది. నీ భాషలో చెప్పాలంటే, నిటారు ఎత్తు మీద ఆగిపోయిన బండిని మూడో గేరులో లాగించినట్టు. మూడు నిమిషాలు ఆగితే రెండు పక్కలా సర్దుకుంటుంది.

కాబట్టి కరెంటు పోగానే గోడ మీదున్న ఏసీ స్విచ్ కిందికి దించండి. కరెంటు వచ్చాక దీపం మిణుకు మిణుకుమనకుండా నిలకడగా ఉందా చూసి, అప్పటి నుంచి నూట ఎనభై లెక్కపెట్టి స్విచ్ పైకెత్తండి. ఇక్కడ నా పెద్ద మెషిన్లకి నేను చేసేది ఇదే. ఏసీ పక్కన అంటించిన కాగితం మీద పొడుగాటి నంబరుంటుంది, అది కూడా రాసి పంపు. దాన్ని చూస్తే ఇంకా ఏమైనా జాగ్రత్త కావాలేమో చెప్తాను.

నాన్న నా గురించి అడుగుతాడా? "గడియారాలు నేర్చుకోమంటే ఐసుగడ్డలు నేర్చుకుంది" అనడం మానలేదా? అడగకపోయినా అడిగాడని రాయి, పరవాలేదు.

ముక్కు గడ్డకట్టిన
నీ ఆడపడుచు

—

ఏప్రిల్ 16

నా బంగారు మంచుగడ్డా,

కూర్చుని చదువు. నిలబడి చదివితే పడిపోతావు.

నువ్వు రాసింది రాసినట్టు ఇంట్లో చదివి వినిపించాను. స్విచ్ మామయ్యగారి పడక్కుర్చీ పక్కనే ఉంది కాబట్టి స్విచ్ ఆయనది. లెక్క మీ అన్నయ్యది. గడియారాలవాళ్ళ ఇంట్లో నోటి లెక్క ఏమిటని నవ్వకు. నడిమి గదిలో ఇప్పుడు పన్నెండు గడియారాలున్నాయి, పన్నెండూ రోగులే. ఏ రెండూ ఒక మాట మీద ఉండవు. అందుకని నోటితోనే లెక్కపెట్టమన్నాను.

మంగళవారం మధ్యాహ్నం కరెంటు పోయింది. మామయ్యగారు టక్కున స్విచ్ దించారు. పావుగంటకి వచ్చింది. మీ అన్నయ్య కిటికీకేసి తిరిగి "ఒకటి, రెండు, మూడు" అని మొదలుపెట్టాడు. నేను వంటింట్లో గరిటె పట్టుకుని వింటున్నాను. నూట నలభై దాకా వచ్చాడు.

"ఆపరా" అన్న మాట వినపడింది.

పదకొండు నెలల తరవాత మామయ్యగారు కొడుకుతో అన్న మొదటి మాట అది. నా చేతిలో గరిటె ఎక్కడిదక్కడ నిలిచిపోయింది.

"అది లెక్కా, గుర్రప్పందెమా? ఈ లెక్కన నూట ఎనభై అయ్యేసరికి రెండు నిమిషాల నలభై ఎనిమిది సెకన్లే అవుతుంది."

"సరిగ్గానే లెక్కపెడుతున్నాను" అన్నాడు మీ అన్నయ్య, కిటికీకే చెప్తూ.

"ఏం సరిగ్గా? చిన్నప్పుడూ ఇంతే, ఏడు తరవాత తొమ్మిదికి దూకేవాడివి. మళ్ళీ మొదటి నుంచి చెప్పు."

నువ్వు నమ్మవు, మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. మామయ్యగారు కుర్చీ చేతి మీద వేలితో తాళం వేస్తూ ఒక్కో అంకెనీ తూచి పంపించారు. ఏసీ ఆరు నిమిషాలు ఎదురుచూసింది. నేను వంటింట్లో నేల మీద కూలబడి, గిన్నెలు తుడిచే గుడ్డ నోట్లో కుక్కుకుని నవ్వాను. నూట ఎనభై అనగానే ఇద్దరూ ఠక్కున నోళ్ళు మూసుకున్నారు. అయినా సరే, తిట్టారమ్మా, నేరుగా తిట్టారు, నా చేత చెప్పించలేదు.

నంబరు వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టాను. మామయ్యగారు నీ గురించి అడిగారు. నిజంగానే అడిగారు. "అక్కడ దానికి స్వెట్టరుందా?" అన్నారు.

సంతోషం పట్టలేక బండిని రివర్సులో గోడకి తగిలించిన
వదిన

—

ఏప్రిల్ 21

వదినా,

మూడుసార్లు చదివాను. నాలుగోసారి తూకం మేస్త్రికి చదివి వినిపించాను. ఆయన కళ్ళొత్తుకున్నాడు. ఆయనకి కూడా ఒక కొడుకున్నాడట.

నూట ఎనభైకి పది పన్నెండు తగ్గినా ఏసీకి ఏం కాదు. ఆ సంగతి నాన్నకి మాత్రం చెప్పకు.

నువ్వు పంపిన నంబరు ఫ్రిజ్‌ది. పైగా అంకెలు తలకిందులుగా కూడా రాశావు. నేను అడిగింది గోడ మీద వేలాడే దాని నంబరు. ఊరందరికీ బండి నడపడం నేర్పే మనిషివి, నీకు ఒక నంబరు చూసి రాయడం చేతకాదా? స్వెట్టరుంది. రెండున్నాయని చెప్పు.

నీ మంచుగడ్డ

—

ఏప్రిల్ 29

అమ్మాయ్,

బ్యాంకు గుమాస్తాగారికి డ్రైవింగు పాఠం అయింది, తరవాతి శిష్యురాలు టీచరమ్మ ఇంకా రాలేదు. ఈ మధ్యలో కారులో కూర్చుని నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఈ వారం కరెంటు తొమ్మిదిసార్లు పోయింది. ఇంట్లో మా పరిస్థితి ఎలా ఉందో రాయాలంటే ఈ కాగితం చాలదు. నిన్న మీ అన్నయ్య కళ్ళు తుడుచుకోవడం చూశాను. మామయ్యగారు మధ్యాహ్నం నిద్రే పోవడం లేదు, స్విచ్ పక్కనే కాపలా కూర్చుంటున్నారు. ఇలా ఎన్నాళ్ళు సాగుతుందో ఏమో. టీచరమ్మ వచ్చేసింది. క్లచ్ అంటే బ్రేకు తొక్కుతుంది మహాతల్లి.

వదిన

—

మే 4

వదినా,

నీ చిన్న ఉత్తరం చదివి నాకు అన్నం దిగలేదు. తొమ్మిదిసార్లా? అన్నయ్య ఏడ్చే దాకా వచ్చిందా? ఆ వయసులో నాన్నకి మధ్యాహ్నం నిద్ర లేకుండా చేశాను. నోటి లెక్కలు చెప్పి మిమ్మల్ని ముగ్గుర్నీ ఎంత హింస పెట్టానో అర్థమైంది. తిట్లతో మొదలైంది పోట్లాటలోకి దిగిందేమో అని భయంగా ఉంది. గోరుచుట్టు మీద రోకటిపోటు నేనే పొడిచాను.

ఇక బెంగ పడకు. మూడు రోజుల పాటు పని అయ్యాక కూర్చుని నా చేత్తో ఒక స్టెబిలైజర్ తయారు చేశాను. ఓల్టేజీ తగ్గినా పెరిగినా అదే చూసుకుంటుంది. కరెంటు పోతే అదే ఆపేస్తుంది, వచ్చాక మూడు నిమిషాలు అదే ఆగి అదే వేస్తుంది. ఎర్ర దీపం, పచ్చ దీపం కూడా పెట్టాను. ఇక స్విచ్ దగ్గర ఎవరూ కాపలా కూర్చోనక్కర్లేదు, ఎవరూ లెక్కపెట్టనక్కర్లేదు, ఎవరూ ఎవరి మొహమూ చూడనక్కర్లేదు. ఎవరి పని వాళ్ళు చేసుకోవచ్చు. పడవ నడిపే ఆయన చేతికిచ్చి పంపుతున్నాను. అందిన రోజే బిగించుకోండి.

నేను తయారు చేసిన వస్తువు మన ఇంట్లోకి రావడం ఇదే మొదటిసారి. నాన్న చూసి ఏమన్నాడో పొల్లు పోకుండా రాయి.

నీ ఆడపడుచు

—

మే 11

అమ్మాయ్,

నీ పెట్టె అందింది. ఎంత ముద్దుగా ఉందో. పచ్చ దీపం పచ్చగా, ఎర్ర దీపం ఎర్రగా ఉన్నాయి. బరువు కూడా బాగా ఉంది, పడవాయన చేతిలోంచి నా చేతిలోకి వచ్చేసరికి నడుము పట్టేసింది.

బిగించడం గురించి అడుగుతావని తెలుసు. గోడ ఉంది కానీ కాస్త చెమ్మగా ఉంది. మేకులు ఉన్నాయి కానీ కాస్త పొట్టిగా ఉన్నాయి. మీ అన్నయ్యకి ఖాళీ లేదు. నాకు ఖాళీ ఉంది కానీ ఎలక్ట్రిక్ పనంటే భయం. అందుకని ప్రస్తుతానికి నా కారు డిక్కీలో పాత దుప్పటి చుట్టి భద్రంగా పెట్టాను. నిన్న టీచరమ్మ సడన్ బ్రేకు వేస్తే వెనక నుంచి ధడేల్మంది. ఏమీ కాలేదులే, విప్పి చూశాను.

ఎండలు బాగా ఉన్నాయి. నీ ఆరోగ్యం జాగ్రత్త. చేపలని అడిగానని చెప్పు.

వదిన

—

మే 16

వదినగారికి,

గోడ చెమ్మ, మేకులు పొట్టి, డిక్కీలో దుప్పటి. మేడం, నేను చిన్నపిల్లని కాను.

నేను చేసినదాని మీద నమ్మకం లేదని ఒక్క ముక్కలో రాస్తే సరిపోయేది. నాన్న ఏమన్నాడో రాయమంటే చేపలని అడిగానని రాశావు. అంటే చూసి వద్దన్నాడన్న మాట. "అది చేసిందా, అయితే ఇల్లు తగలబడుతుంది" అని ఉంటాడు. ఈ దీవిలో నూట పది మంది తినే తిండి నేను బాగు చేసిన యంత్రాల్లోనే చెడిపోకుండా ఉంటోంది. మన ఇంట్లో ఒక్క ఏసీకి పనికిరాలేదు. నాన్న నన్ను నమ్మకపోతే అలవాటే. నువ్వు కూడానా?

పెట్టె పడవాయనకిచ్చి తిప్పి పంపించు.

ఇట్లు

—

మే 22

నా తల్లీ,

ఇట్లు అని రాసి కింద ఏమీ రాయకుండా వదిలేశావు. ఆ ఖాళీ చూసి నేను నిజంగా ఏడ్చాను. తప్పంతా నాది. నోట్లో నువ్వుగింజ నానని దాన్ని, ఈ ఒక్కసారి దాచబోయి కొంప ముంచాను. ఉన్నది ఉన్నట్టు చెప్తాను విను.

ఆ పెట్టెని మీ నాన్న చూడనే లేదు. నేనే చూడనివ్వలేదు. పని చెయ్యదని కాదమ్మా, పని చేస్తుందని భయపడి దాచాను.

ఏప్రిల్ నెలాఖరున నేను రాసిన చిన్న ఉత్తరం నువ్వు పూర్తిగా తలకిందులుగా అర్థం చేసుకున్నావు. తొమ్మిదిసార్లు కరెంటు పోవడం మాకు తొమ్మిది పండగలు. మీ అన్నయ్య కళ్ళు తుడుచుకున్నది నవ్వీ నవ్వీ. మామయ్యగారు నిద్ర మానుకుని కాపలా కూర్చుంటున్నది ఎక్కడ కరెంటు పోతే తను లేకుండా అయిపోతుందోనని.

ఎందుకంటే ఆ మూడు నిమిషాల్లో వాళ్ళు మాట్లాడుకుంటున్నారు. మొదట్లో అంకెల గురించే తగువు. తరవాత లెక్క మామయ్యగారు తీసుకున్నారు, వేలితో కుర్చీ మీద కొడతారు. ఆ వేలు కొడుతున్నంత సేపూ మాటలు నడుస్తాయి. "ఆ పొడుగాటి గోడ గడియారం ఏమంటోంది?" అని ఆయన, "నడుస్తోంది కానీ కుంటుతోంది" అని ఈయన. నూట ఎనభై కాగానే స్విచ్ పైకి, నోళ్ళు కిందికి. మాట సగంలో ఉన్నా అంతే. మొన్న మధ్యాహ్నం మామయ్యగారు "ఆ స్ప్రింగుని మాత్రం" అన్నారు, లెక్క అయిపోయింది. సాయంత్రం మళ్ళీ కరెంటు పోయి వచ్చాక "మార్చకు" అన్నారు. అయిదు గంటల పాటు మీ అన్నయ్య ఆ గడియారం ముందు స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చున్నాడు, మార్చాలో వద్దో తెలియక.

వంటింట్లోంచి ఇదంతా వింటూ నేను చిన్నపిల్లలా గంతులు వేస్తున్నాను. వీధిలో కరెంటు పోయిందని అందరూ విసుక్కుంటుంటే నాకు మాత్రం ఒళ్ళు పులకరిస్తుంది. లైన్‌మన్ కనపడితే మంచినీళ్ళిచ్చి కూర్చోబెడుతున్నాను, ఆయనకి ఎందుకో అర్థం కాక భయపడుతున్నాడు. ఇలాంటి సమయంలో ఎవరూ ఎవరి మొహమూ చూడనక్కర్లేని పెట్టె వచ్చింది. బిగిస్తే ఏమవుతుందో నువ్వే చెప్పు.

ఇంకొకటుంది. నిన్న సాయంత్రం లెక్క నూట అరవై దాటాక మీ అన్నయ్య తల వంచుకుని, "ఆ రోజు కొట్లో వాళ్ళ ముందు నేను" అన్నాడు. మామయ్యగారి వేలు ఆగలేదు. ఆగితే బాగుండేది. నూట ఎనభై అయిపోయింది. స్విచ్ ఎత్తారు. ఇద్దరూ ఎవరి దిక్కుకి వాళ్ళు తిరిగిపోయారు. సంవత్సరం పాటు నేను ఎదురుచూసిన మాట అది. సగంలో ఉంది. రేపు కరెంటు పోతే మిగతా సగం వస్తుంది.

ఏసీ నంబరు ఈసారి కుర్చీ ఎక్కి, కళ్ళజోడు పెట్టుకుని, రెండుసార్లు సరిచూసి రాశాను. ఇదిగో, వెనక పేజీలో ఉంది. పెట్టె తిప్పి పంపను. అది మన ఇంటి పెట్టె.

చెవులు పట్టుకుని గుంజీళ్ళు తీస్తున్న
నీ వదిన

—

మే 27

వదినా, నా వదినా,

తూకం మేస్త్రి నేను ఏడుస్తున్నానా నవ్వుతున్నానా తేల్చుకోలేక ఒక చేతికి రుమాలు, ఒక చేతికి టీ ఇచ్చి వెళ్ళాడు. అలా ఇట్లు అని ముగించినందుకు నన్ను క్షమించు. మూడు నిమిషాలు ఆగి రాయాల్సింది.

ఇప్పుడు నేను చెప్పేది చదివి ఈ కాగితం చింపేయి. పొయ్యిలో వేసినా మంచిదే.

నువ్వు పంపిన నంబరు చూశాను. మీది కొత్త రకం. కరెంటు వచ్చాక దానంతట అదే మూడు నిమిషాలు ఆగి గాని బయటి కంప్రెసర్‌ని కదలనివ్వదు. ఆ ఏర్పాటు తయారీలోనే లోపల పెట్టేశారు. నేనిక్కడ ముప్పై ఏళ్ళ నాటి ముసలి మెషిన్లతో కాపరం చేస్తున్నాను కదా, వాటికి చేసే సేవే మీకూ రాసి పడేశాను. అంటే ఈ నెలన్నరగా మీరు స్విచ్ దించడం, లెక్కపెట్టడం, ఎత్తడం, ఏదీ అవసరం లేదు. మీరు మూడు నిమిషాలు ఆగి స్విచ్ వేస్తే, అది తన వంతు ఇంకో మూడు నిమిషాలు ఆగుతోంది. ఇంత పెద్ద మెకానిక్‌ని, నంబరు చూడకుండా మందు రాశాను. నాన్నకి తెలిస్తే నేను మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేను. ఓల్టేజీ ఎగుడుదిగుళ్ళకి స్టెబిలైజర్ ఎప్పటికైనా మంచిదే. కానీ తొందర లేదు, డిక్కీలోనే నిద్రపోనీ.

అన్నయ్య మిగతా సగం చెప్పాడా? ఈ పడవకి జవాబు రాకపోతే నేనే ఈదుకుంటూ వస్తాను.

మందమతి
నీ ఆడపడుచు

—

జూన్ 6

బంగారు తల్లీ,

ఆ పడవకి జవాబు రాయలేకపోయాను. రాయడానికి నా దగ్గర ఏడుపు తప్ప ఏమీ లేదు.

మే 23న, అంటే ఆ సగం మాట అన్న రెండు రోజులకే, మా వీధి చివర కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. పళ్ళ డాక్టరుగారు మిఠాయిలు పంచారు. నా నోట్లో అది విషంలా తగిలింది. ఆ రోజు నుంచి కరెంటు పోతే ఒట్టు. ఒక రోజు, రెండు రోజులు, వారం, పన్నెండు రోజులు. మామయ్యగారు స్విచ్ పక్కన, మీ అన్నయ్య కిటికీ పక్కన, మధ్యలో చల్లగాలి. "ఆయనకి టీ కావాలేమో అడుగు" అని మీ అన్నయ్య మళ్ళీ నాతో మొదలుపెట్టాడు. పోస్టాఫీసు మళ్ళీ తెరుచుకుంది. లైన్‌మన్‌ని పిలిచి, ఒక్కసారి, ఒక్క అయిదు నిమిషాలు తీయమని బతిమాలాను. ఉద్యోగం పోతుందన్నాడు.

నీ ఉత్తరం చదివాక తెగించాను. ఎలాగూ ఆ లెక్క ఉత్తుత్తిదే అయినప్పుడు కరెంటు పోవడం కూడా ఉత్తుత్తిదే ఎందుకు కాకూడదు అనుకున్నాను. నిన్న పొద్దున పది గంటలకి, టీచరమ్మ పాఠం ఎగ్గొట్టి, ముక్కాలిపీట చంకలో పెట్టుకుని, వసారాలో ఉన్న మెయిన్ స్విచ్ దగ్గరికి పిల్లిలా వెళ్ళాను.

అక్కడ మామయ్యగారున్నారు.

చెయ్యి మెయిన్ స్విచ్ పిడి మీద ఉంది. కిందికి గుంజుతున్నారు. అది బిగుసుకుపోయి ఉంది, ఆయన వేళ్ళు వణికి జారిపోతున్నాయి. నన్ను చూసి తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయారు. ఆయన నా చంకలో పీట చూశారు. నేను ఆయన చెయ్యి చూశాను.

"నువ్వెందుకొచ్చావమ్మా?"

"మీరెందుకొచ్చారో అందుకే మామయ్యగారూ."

పిడి మీంచి చెయ్యి తీశారు. తరవాత నెమ్మదిగా, "ఆ లెక్క అక్కర్లేదని నాకు మొదటి రోజే తెలుసు" అన్నారు. "స్విచ్ వేశాక బయటి పెట్టె మూడు నిమిషాలకి గాని మోగడం లేదు. ప్రతిసారీ అంతే. అమ్మాయి చెప్పక ముందే అది దాని లోపల ఉంది. నలభై ఏళ్ళు గడియారాలు విన్నవాణ్ణి, ఆ మాత్రం వినపడదా?"

"మరి ఎందుకు లెక్కపెట్టారు?"

"వాడు మాట్లాడుతున్నాడు కదమ్మా."

నేను పీట వేసి ఎక్కబోయాను. నేను తీస్తానన్నాను. ఒక్క గుంజు చాలు, నా చేతులు గేర్లు మార్చీ మార్చీ రాటుదేలాయి. ఆయన నా భుజం పట్టుకుని ఆపారు. వద్దన్నారు. పంచె సర్దుకుని తిన్నగా నడిమి గదిలోకి వెళ్ళారు. నేను వెనకే, పీటతో సహా. మీ అన్నయ్య కిటికీ దగ్గర ఏదో చక్రం తుడుస్తున్నాడు.

"ఆ మాట పూర్తి చెయ్యరా" అన్నారు.

మీ అన్నయ్య తలెత్తి ఆయన్ని చూశాడు, దీపాన్ని చూశాడు, ఏసీని చూశాడు. "కరెంటు ఉంది కదా నాన్నా."

"ఉంటే ఉండనీ. చెప్పు."

అప్పుడు చెప్పాడు. ముక్కలు ముక్కలుగా చెప్పాడు, నాకు సగం అర్థం కాలేదు. నీ చేతులు వణకడం చూసి నాకు భయమేసింది నాన్నా, నువ్వు పెద్దవాడివైపోతున్నావని ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఎవరో దారిన పోయేవాళ్ళతో అనేశాను, అన్నాడు. ఆ రాత్రే కాళ్ళు పట్టుకుందామనుకున్నాను, నువ్వు మొహం తిప్పుకున్నావు, అన్నాడు. మామయ్యగారు విన్నారు. వేలు కదలలేదు, లెక్క లేదు.

"ఆ మాట నాతో అనాల్సిందిరా" అన్నారు. "వాళ్ళతో కాదు. నాతో అంటే నేనే మానేసేవాణ్ణి."

"తప్పయింది."

"సరే. నేనూ పదకొండు నెలలు అలిగి కూర్చోవడం ఎక్కువే అయింది. నాలుగు చాలు దానికి."

మీ అన్నయ్య నవ్వాడో ఏడ్చాడో, రెండూ చేశాడు. ముక్కు తుడుచుకుంటూ, "ఒకటి చెప్పనా నాన్నా, ఆ ఏసీకి లెక్క అక్కర్లేదు. స్విచ్ వేశాక అదే మూడు నిమిషాలు ఆగుతుంది. మొదటి వారంలోనే కనిపెట్టాను" అన్నాడు. మామయ్యగారు నాకేసి చూశారు. నేను గోడకేసి చూశాను. ఈ ఇంట్లో ఆ లెక్కని నమ్మి, అన్నం మాడబెట్టుకుంటూ వంటింట్లోంచి పెదాలు కదుపుతూ నూట ఎనభై దాకా లెక్కపెట్టిన పిచ్చిమొహం నేనొక్కదాన్నే.

నీ గుట్టు దాగిందనుకోకు. ఇద్దరికీ ముందే తెలుసు. "నంబరు చూడకుండా చెప్పింది, కానీ జాగ్రత్తగా చెప్పింది, తప్పులేదు" అన్నారు మీ నాన్న. నీ పెట్టె డిక్కీలోంచి తెచ్చి బల్ల మీద పెట్టాను. మూత విప్పి, భూతద్దం పెట్టుకుని, గంట సేపు లోపలి తీగలన్నీ చూశారు. ఒక్క వంక పెట్టలేదు. ఆయన వంక పెట్టకపోవడం నేను ఈ ఇంటికొచ్చాక ఇదే మొదటిసారి. మీ అన్నయ్య బిగించబోతే చెయ్యి కొట్టారు. చేసిన మనిషే వచ్చి బిగించాలట. సెలవు పెట్టు.

ఇక ఆపుతాను. టీచరమ్మ గుమ్మం ముందు కారులో కూర్చుని హారను కొడుతోంది, క్లచ్ ఏదో తెలియదు కానీ హారను ఎక్కడుందో బాగా తెలుసు. మీ నాన్న, అన్నయ్య పొద్దున్నుంచి నడిమి గదిలో మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఇంత ఎండలో ఏసీ ఆపేసి, చెమటలు కక్కుకుంటూ కూర్చున్నారు. ఎందుకని అడిగితే, దాని హోరులో ఒకరి మాట ఒకరికి సరిగ్గా వినపడడం లేదట.

మీ వదిన